చెడగొట్టింది ఫోనా, సావాసమా? బెంగళూరు పీజీ గదిలో తెలుగు పిల్లల అలవాట్ల లెక్క

మారతహళ్లి వంతెన దాటి లోపలి వీధిలోకి తిరిగితే వరుసగా పీజీలే. సగం బోర్డుల మీద ‘ఆంధ్ర భోజనం కలదు’ అని తెలుగులో రాసి ఉంటుంది. మా అక్క కొడుకు అలాంటి ఒక పీజీలో, త్రీ షేరింగ్ గదిలో ఉంటున్నాడు. ఒక శనివారం సాయంత్రం, ఊరి నుంచి వచ్చిన కందిపొడి, గోంగూర పచ్చడి ఇచ్చి వద్దామని వెళ్లి గంటన్నర కూర్చున్నాను. గదిలో మూడు మంచాలు, మూడు చార్జర్లు, ఒకే ఒక్క కుర్చీ. కుర్చీ నాకిచ్చారు.

ఏడున్నరకు కింద మెస్సులో వంట సిద్ధమైంది. సాంబారు వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. ఎవరూ లేవలేదు. కిటికీ దగ్గరి మంచం అబ్బాయి ఫోను చూస్తూ ‘బిర్యానీ పెడదామా’ అన్నాడు. వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టాడు. ముగ్గురూ అదే గదిలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నారు, అయినా పోల్ పెట్టాడు. రెండు నిమిషాల్లో ఆర్డరు వెళ్లిపోయింది, ఎవరి వాటా ఎంతో సందేశాలు కూడా వచ్చేశాయి. తలుపు దగ్గరి మంచం అబ్బాయికి ఇంకా ఉద్యోగం రాలేదు. అతను ఒక క్షణం ఆలస్యంగా ‘సరే’ అని నొక్కాడు. తొమ్మిదింటికి మా అక్క ఫోను చేసింది. ‘తిన్నావా నాన్నా?’ ‘తిన్నానమ్మా, ఇక్కడే, పీజీలోనే.’ అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

మర్నాడు ఇదంతా మాటల్లో దొర్లింది. ‘ఫోనే వాడిని పాడు చేసిందిరా’ అంది అక్క. ‘ఫోను కాదు, ఆ కిటికీ మంచం కుర్రాడి సావాసం’ అన్నారు బావగారు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని సామెత కూడా జోడించారు. ఇప్పుడు పత్రికల్లో, టీవీ చర్చల్లో, పిల్లల సోషల్ మీడియా మీద చట్టాలు రావాలన్న వాదాల్లో వినిపించేవి కూడా ఈ రెండు తీర్పులే. చిక్కు ఎక్కడుందంటే, ఈ రెండింటినీ విడదీసి తూచడం కుదరదు. ఎందుకు కుదరదో చూడాలంటే మొదట మాటల అర్థాలు తేల్చుకోవాలి.

గడప ఎత్తు

సామాజిక కారకాలు అనే బరువైన మాట వెనక ఉన్నవి మామూలు సంగతులే. చుట్టూ ఉన్న మనుషులు, వాళ్లు మన నుంచి ఆశించేవి, ఉండే చోటు, చేతిలో ఆడే డబ్బు, చదువు నేర్పిన లేదా నేర్పని క్రమం, నలుగురూ ఏమనుకుంటారో అన్న బెరుకు. సాంకేతికత అంటే ఫోను అనే వస్తువు ఒక్కటే కాదు. యాప్ ఏ మీటను ఎక్కడ పెట్టింది, ఎవరికి ఏది కనిపించేలా చేసింది, ఏ పనిని ఒక్క తాకుడుతో అయ్యేలా చేసింది అన్నవన్నీ అందులోకే వస్తాయి.

ప్రతి పనికీ ఒక గడప ఉంటుందనుకోండి. రాత్రి పదకొండింటికి ఆకలేస్తే ఒకప్పుడు చొక్కా తొడుక్కోవాలి, మెట్లు దిగాలి, తెరిచి ఉన్న హోటలు వెతకాలి, జేబులో డబ్బు చూసుకోవాలి. ఆ గడప ఎత్తుగా ఉండేది కాబట్టి చాలా రాత్రులు ఆకలే ఓడిపోయేది. యాప్ ఆ గడపను నేలమట్టం చేసింది. అయితే గడప లేనంత మాత్రాన అందరూ దాటరు. ఎవరు దాటుతారు, ఎటు దాటుతారు అన్నది పక్కనున్నవాళ్లను బట్టి, జేబును బట్టి, ఇంటి దగ్గర ఎవరికి తెలుస్తుందన్న భయాన్ని బట్టి ఉంటుంది.

మంచం ఎక్కడ పడితే స్నేహం అక్కడ

బావగారి సామెతకు శాస్త్రం వైపు నుంచి గట్టి మద్దతే ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థుల నివాసాల్లో లియాన్ ఫెస్టింగర్, మరో ఇద్దరు పరిశోధకులు స్నేహాలు ఎలా ఏర్పడతాయో పరిశీలించి 1950లో ఫలితాలు ప్రచురించారు. ఎవరికి ఏ ఇల్లు వస్తుందన్నది వాళ్ల చేతిలో లేదు. అయినా పక్క ఇంటివాళ్లను స్నేహితులుగా చెప్పినవారు 41 శాతం. అదే అంతస్తులో చివరి ఇంటివాళ్ల దగ్గరికి వచ్చేసరికి అది 10 శాతానికి పడిపోయింది. మధ్య దూరం కొన్ని అడుగులు మాత్రమే.

పీజీలో జరిగేదీ ఇదే. మేనేజరు ఏ మంచం ఖాళీగా ఉందని చూపిస్తే ఆ మంచం. ఆ మంచాన్ని బట్టి ఏ జిమ్‌కు వెళ్తాడు, ఏ సినిమాకు వెళ్తాడు, సిగరెట్టు అలవాటవుతుందా లేదా అన్నవి చాలావరకు తేలిపోతాయి. తల్లిదండ్రులు పీజీ చూడ్డానికి వచ్చి బాత్రూములు, గీజరు, మెస్సు అన్నీ పరీక్షిస్తారు. గదిలో మిగతా ఇద్దరూ ఎవరని అడిగేవాళ్లను తక్కువగా చూశాను.

నలుగురితో పాటు పోవడం ఎంత బలంగా ఉంటుందో 1951లో సోలమన్ ఆష్ ప్రయోగం చూపించింది. గీతల్లో ఏది ఏ గీతతో సమానమో చెప్పమన్నారు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత తేలికైన ప్రశ్న. ముందు కూర్చున్నవాళ్లంతా, పరిశోధకుడు ముందే చెప్పి ఉంచినట్టు, ఒకే తప్పు జవాబు చెప్పారు. అప్పుడు అసలు పరీక్షార్థి ఇచ్చిన జవాబుల్లో దాదాపు మూడో వంతు ఆ తప్పుకే వంతపాడాయి. ఇందులో అంతగా చెప్పుకోని భాగం ఇంకొకటి ఉంది. జవాబును పైకి చెప్పకుండా చీటీ మీద రాసి ఇమ్మన్నప్పుడు ఈ వంతపాట బాగా తగ్గింది.

ఇప్పుడు గదిలోని పోల్ దగ్గరికి రండి. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటు వేశారో పేర్లతో సహా కనిపిస్తుంది. అంటే అది పైకి చెప్పే జవాబు. ఇద్దరు ‘బిర్యానీ’ నొక్కాక మూడోవాడు ‘మెస్సు’ నొక్కడం అంటే ఇద్దరి ముందు లేచి నిలబడి ‘నా దగ్గర డబ్బు లేదు’ అనడంతో సమానం. అదే పోల్ పేర్లు చూపించకుండా ఉంటే తలుపు దగ్గరి మంచం అబ్బాయి ఏది నొక్కేవాడో నాకు తెలియదు గాని, ఆ ఒక్క క్షణం ఆలస్యం మాత్రం ఊరికే రాలేదు. యాప్ తయారుచేసినవాళ్లు తీసుకున్న ఒక చిన్న నిర్ణయం, ఎక్కడో కూర్చుని ‘పేర్లు కనిపించాలి’ అనుకోవడం, ఇక్కడ ఒక కుర్రాడి నెల బడ్జెట్‌ను తాకింది. చెడగొట్టింది ఫోనా, సావాసమా అని అడిగితే ఇక్కడ ఏ పక్కకు వేయాలి?

780 రూపాయలు ముగ్గురికి ఎంతెంత

ఆ రాత్రి బిల్లు 780 రూపాయలు. తలా 260. కాగితం మీద సమానం.

కిటికీ మంచం అబ్బాయి జీతం 35,000. పీజీకి 8,500 పోగా 26,500 మిగులుతాయి. అందులో 260 అంటే ఒక శాతం కూడా లేదు. తలుపు దగ్గరి అబ్బాయికి ఇంటి నుంచి నెలకు 12,000 వస్తాయి. పీజీ పోగా మిగిలేది 3,500. అందులో 260 అంటే ఏడు శాతం పైమాట. వారానికి ఒకసారి ఇలా జరిగితే నెలకు 1,040, అంటే అతని చేతి ఖర్చులో దాదాపు మూడో వంతు. పైగా మెస్సు భోజనానికి అతను ముందే డబ్బు కట్టేశాడు. కింద సాంబారు చల్లారిపోతోంది.

2008లో నేను బీటీఎం లేఅవుట్‌లో ఉన్నప్పుడు మాకు టిఫిన్ హోటల్లో ఖాతా ఉండేది. ఎవరు ఎంత బాకీ అన్నది యజమాని నోటు పుస్తకంలోనే ఉండేది, ఒకరిది ఒకరికి తెలిసేది కాదు. గదిలో లెక్కలు నెలాఖరుకు, కాస్త అటూ ఇటూగా తేలేవి. ‘ఈసారికి నువ్వు కట్టు’ అన్న మాటలో తేడాలు కప్పబడిపోయేవి. ఇప్పుడు వాటా పైసలతో సహా ఆ నిమిషంలోనే అడుగుతుంది. లెక్క సరిగ్గా ఉండటం మంచిదేగా అనిపిస్తుంది. కాని లెక్క అంత సరిగ్గా లేకపోవడమే ఒకప్పుడు డబ్బు తక్కువున్నవాడికి నీడగా ఉండేది.

దీనికి తోడు, డబ్బు చేతులు మారుతుంటే కలిగే చిన్న బాధ ఒకటుంది. నోటు తీసి ఇస్తుంటే అది తెలుస్తుంది, కార్డు గీస్తే తక్కువ తెలుస్తుంది. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన పరిశోధనలో బాస్కెట్‌బాల్ టికెట్లను వేలం వేస్తే, కార్డుతో కట్టవచ్చన్నవాళ్లు నగదు కట్టాలన్నవాళ్లకంటే సుమారు రెట్టింపు పాడారు. యూపీఐ ఆ బాధను ఇంకా పలుచన చేసిందన్నది నా అంచనా. జాతీయ చెల్లింపుల సంస్థ దాన్ని 2016 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. 2025 ఆగస్టు నాటికి ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటాయి. పది రూపాయల టీకి కూడా ‘స్కానర్ ఎక్కడ’ అని అడిగే తరం ఇది. అయితే ఎదుటి వాదన కూడా వినాలి. ప్రతి ఖర్చూ చరిత్రలో ఉంటుంది కాబట్టి, చూసుకునే అలవాటున్నవాడికి నోట్ల కాలం కంటే ఇప్పుడే లెక్క బాగా తెలుస్తుంది. మా మేనల్లుడు చూసుకోడు. తలుపు దగ్గరి అబ్బాయి ప్రతి రాత్రీ చూసుకుంటాడు.

ఒకసారి పరికరం పోయింది, అలవాటు మిగిలింది

రీల్స్ సంగతికి వద్దాం. వేలితో పైకి తోస్తే తెర ఎప్పటికీ అయిపోకుండా కొత్తవి వస్తూ ఉండే పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ రూపొందించాడు, తర్వాత బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డాడు. పేజీ అయిపోవడం అనే చిన్న గడప అందులో మాయమైంది. దాని వెనక పాత సూత్రం ఇంకొకటి ఉంది. పావురం మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడితే అది తిని ఆగుతుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడితే ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. బి.ఎఫ్. స్కిన్నర్ దీన్ని వివరంగా నమోదు చేశాడు. పది రీల్స్‌లో ఏది నవ్విస్తుందో ముందే తెలిస్తే ఆ ఒక్కటే చూసి పడుకుంటాం. తెలియదు కాబట్టే పదీ చూస్తాం.

ఇంతవరకు చూస్తే తప్పంతా పరికరానిదే అనిపిస్తుంది. అయితే మన దేశంలో ఒక పెద్ద పరీక్ష, ఎవరూ పరీక్ష అనుకోకుండానే జరిగిపోయింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. అప్పటికి మన దగ్గర దాన్ని వాడేవాళ్లు సుమారు 20 కోట్లు. యాప్ రాత్రికి రాత్రి పోయింది. అలవాటు పోయిందా? జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌ను ఇక్కడ తెచ్చింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. చూసేవాళ్లు, చేసేవాళ్లు, వాటి గురించి మాట్లాడుకునే స్నేహితులు చాలావరకు అక్కడికి తరలిపోయారు. కనుమరుగైనవాళ్లూ ఉన్నారు. పల్లెల్లో టిక్‌టాక్‌లో పేరు తెచ్చుకున్న చాలామంది కొత్త వేదిక మీద కనపడలేదు. అక్కడ నలుగురూ మెచ్చుకునేది వేరు, ఇంటి వెనక పొలంలో తీసిన వీడియోకు అక్కడ పాత విలువ లేదు.

ఆ సాయంత్రం గదిలో గమనించిందీ ఇందుకు తగ్గట్టే ఉంది. ముగ్గురూ ఎవరి మంచం మీద వాళ్లు ఎవరి ఫోను వాళ్లు చూస్తున్నారు. ఒకడు నవ్వుతాడు. పది సెకన్ల తర్వాత రెండోవాడి ఫోను మోగుతుంది, వాడూ నవ్వుతాడు. తర్వాత మూడోవాడు. ఒకే నవ్వు మూడు మంచాల మీదుగా నడిచింది. బయటివాళ్లు చూస్తే ఒంటరితనం అంటారు. లోపల కూర్చున్న నాకు అది ఒకరకమైన ముచ్చటగానే కనిపించింది.

ఇంకోసారి పరికరం ఉంది, అలవాటు మారింది

దీనికి తిరగబడ్డ ఉదాహరణ బెంగళూరులోనే దొరికింది. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ, యూపీఐ జమల లెక్కలు చూసి వేలమంది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. సరుకులు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలన్నది నిబంధన. నోటీసుల కబురు అంటుకోగానే టీ బడ్డీలు, బేకరీలు, కూరగాయల బండ్ల మీద ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అన్న కాగితాలు వెలిశాయి. స్కానర్ బొమ్మను తిప్పి గోడకు పెట్టినవాళ్లను చూశాను. ఆ వారం మా మేనల్లుడు ఏటీఎం పిన్ మర్చిపోయి నాకు ఫోను చేశాడు.

ఫోన్లు అవే, నెట్‌వర్కు అదే, యాప్‌లు అవే. మారింది ఒక్కటే, ప్రభుత్వం చూస్తోందన్న భయం. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో మాట్లాడి పాత బకాయిలు వసూలు చేయబోమని చెప్పాక వేడి చల్లారింది, కాగితాలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెడితే ‘అంతా సాంకేతికతే నిర్ణయిస్తుంది’ అన్న వాదన నిలబడదు. ‘ఫోను ఉత్త పనిముట్టు, వాడేవాడిని బట్టి ఉంటుంది’ అన్న వాదనా నిలబడదు, ఎందుకంటే ఆ పనిముట్టు లేకపోతే పది రూపాయల టీ అమ్మేవాడి ఏడాది లెక్క పన్నుల శాఖ బల్ల మీదికి చేరేదే కాదు.

గంట కొట్టని జీవితం

మన తెలుగు పిల్లల విషయంలో ఒక కారకం చర్చలోకే రాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది ఇంటర్మీడియట్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీల్లో గడుపుతారు. తెల్లవారుజామున గంట, స్టడీ అవర్‌కు గంట, అన్నానికి గంట, రాత్రి లైట్లు ఆర్పడానికి గంట. ఫోను ఉండదు. ఎప్పుడు పడుకోవాలి, ఎప్పుడు ఆపాలి అని తనంతట తాను నిర్ణయించుకునే అవసరం ఒక్కరోజు కూడా రాదు. ఆ తర్వాత ఇంజనీరింగ్, అక్కడ ఫోను చేతికొస్తుంది. ఆ తర్వాత బెంగళూరు, అక్కడ అడిగేవాళ్లే ఉండరు.

ఇరవై రెండేళ్ల కుర్రాడు రాత్రి రెండు దాకా మేలుకుంటే ఫోనును తిడతాం. ఆపుకోవడం నేర్చుకోవాల్సిన వయసులో ఆ పని గంటకు అప్పజెప్పినవాళ్లం మనమే అన్నది గుర్తురాదు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లూ ఉన్నారు. ఆ కాలేజీల్లో చదివి చక్కగా నిలదొక్కుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు కదా అంటారు. నిజమే, ఉన్నారు.

భాష సంగతి కూడా ఇలాంటిదే. మేము కొత్తగా వచ్చినప్పుడు ఆటోవాడితో బేరమాడటానికైనా ‘ఎష్టు’ (ఎంత), ‘స్వల్ప కడిమె మాడి’ (కాస్త తగ్గించండి) నేర్చుకోక తప్పేది కాదు. ఇప్పుడు ధర యాప్‌లో కనిపిస్తుంది, దారి మ్యాపు చెబుతుంది, పీజీ యజమాని తెలుగువాడు, వంటవాడు తెలుగువాడు, గ్రూపుల నిండా ఊరి స్నేహితులు. మూడేళ్లున్నా ‘కన్నడ గొత్తిల్ల’ (కన్నడం రాదు) దగ్గరే ఆగిపోయినవాళ్లను చూస్తుంటాను. వాళ్లకు కన్నడం మీద చిన్నచూపు ఏమీ లేదు. అవసరం అనే గడపే లేకుండా పోయింది.

పండితుల తగువు

ఫోను వల్ల యువత మనసు దెబ్బతింటోందా అన్నదాని మీద పరిశోధకుల మధ్య పెద్ద వాదమే నడుస్తోంది. అమెరికన్ సామాజిక మనస్తత్వవేత్త జొనాథన్ హైట్, 2010 తర్వాత బాల్యం ఆటస్థలం నుంచి ఫోనులోకి మారిందనీ, కౌమార వయస్కుల్లో ఆందోళన, కుంగుబాటు పెరగడానికి ముఖ్య కారణం అదేననీ అంటారు. క్యాండిస్ ఆజర్స్ వంటివారు 2024లోనే దీన్ని కాదన్నారు. రెండూ కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు, అప్పటికే కుంగిపోయినవాళ్లే ఫోనులో ఎక్కువసేపు గడుపుతుండవచ్చు అన్నది వాళ్ల మాట. 2019లో ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ మూడున్నర లక్షల మందికి పైగా కౌమార వయస్కుల వివరాలు తిరగేసి, వాళ్ల క్షేమంలోని తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడేది ఎక్కువలో ఎక్కువ 0.4 శాతమేనన్నారు. బంగాళాదుంపలు తినడానికీ క్షేమానికీ ఉన్న సంబంధం కూడా దాదాపు అంతేనని చమత్కరించారు కూడా.

ఈ రెండు వాదాలూ ఒకేసారి ఎలా నిజం కావచ్చో ఒక చిన్న లెక్క చెబుతుంది. పదిమందిలో ఎనిమిదిమందికి ఫోను వల్ల ఏ మార్పూ లేదు. ఒకడికి ఊళ్లో దొరకని స్నేహితులు దొరికి మనసు రెండు మెట్లు పైకెక్కింది. ఇంకొకడు పోల్చుకుని పోల్చుకుని రెండు మెట్లు దిగాడు. సగటు తీస్తే సున్నా. సగటు చూసే పరిశోధకుడికి ఏమీ జరగలేదు. దిగినవాడి తల్లికి అంతా జరిగింది.

ఆ దిగినవాళ్ల కోసం బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014లోనే ‘షట్’ అనే ప్రత్యేక క్లినిక్ తెరిచింది. అక్కడ చూసేది గంటల లెక్క ఒక్కటే కాదు. తపన పెరిగిందా, అదుపు తప్పిందా, ఆపాలనుకున్నా ఆపలేకపోతున్నాడా, నష్టం కళ్లెదుటే ఉన్నా కొనసాగిస్తున్నాడా అన్నవి చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్నది గేమింగ్ రుగ్మత. ‘రీల్స్ వ్యసనం’ అన్న పేరు అందులో లేదు. రోజుకు ఆరు గంటలు ఫోను చూసే వీడియో ఎడిటర్‌కు ఏ జబ్బూ ఉండకపోవచ్చు, రెండు గంటలు చూసేవాడికి ఉండవచ్చు.

చట్టాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిది లోపు వారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం వచ్చింది, అది మాత్రం అన్ని వయసులవారికీ వర్తిస్తుంది. మొదటి రెండింటి పరిధిలోకీ మారతహళ్లి గదిలోని ముగ్గురూ రారు. వాళ్లకు ఇరవై రెండు నిండాయి.

నాన్న నంబరు

మా మేనల్లుడు పీజీలో చేరిన కొత్తలో భోజనం ఆర్డరు చేసే యాప్‌లో ఖాతా వాళ్ల నాన్న నంబరు మీద ఉండేది. ఊళ్లో ఉన్నప్పుడు తెరిచినది, అలాగే వాడుకుంటూ వచ్చాడు. ఒక రాత్రి పన్నెండున్నరకు ఏదో తెప్పించుకున్నాడు. ‘మీ ఆర్డరు అందింది’ అన్న సందేశం బావగారికి వెళ్లింది. ఉదయం ఆరింటికి ఫోను. ‘అర్ధరాత్రి ఏమి తిన్నావురా?’ తిట్టలేదు, అడిగారంతే. ఆ తర్వాత నాలుగు నెలలు అర్ధరాత్రి ఆర్డరు ఒక్కటీ లేదు. అదే యాప్, అదే ఆకలి, అదే గది.

మొదటి జీతం రాగానే సొంత నంబరుతో కొత్త ఖాతా తెరిచాడు. ఆ నెల రాత్రి పదకొండు దాటాక పెట్టినవి తొమ్మిది. ఇటీవల కలిసినప్పుడు నా ముందే చరిత్ర తీసి చూపించాడు, మూడో నెలలో రెండే ఉన్నాయి. ఎలా తగ్గించావురా అని అడిగాను. ‘నేనేమీ తగ్గించలేదు మామయ్యా’ అన్నాడు. కిటికీ మంచం అబ్బాయి ఆఫీసు వైట్‌ఫీల్డ్‌కు మారి, అతను అక్కడే వేరే పీజీ చూసుకున్నాడట. ఇప్పుడు ఆ మంచం మీద ఎవరో నెల్లూరు అబ్బాయి ఉన్నాడు, పదింటికే లైటు ఆర్పమంటాడట.